గుర్రపు నెత్తురు

ఆరో గుర్రం కూడా కూలింది. సొరోన్‌బాయ్ తుపాకీ దించి కళ్లు తుడుచుకునేలోపే ఎర్గెష్ కొరడా అతని చెంప చీల్చింది.

కొండమీది గుడారాల వాళ్లంతా ఎర్గెష్ వెనకే ఉన్నారు. మందలో వైరస్ దూరిందని తెలిసి సొరోన్‌బాయ్ తన గుర్రాలను తనే చంపుకున్నాడు. వాళ్లకది చాలలేదు. ఆ గుర్రాల పాలతో చేసిన కుమిస్ తాగిన అతని భార్య బురుల్చా నాలుగు రోజులుగా జ్వరంతో కాలిపోతోంది. మనిషికీ అంటుకుంది కాబట్టి ఆమెతో సహా గుడారం తగలబెట్టాలట. పిడుగుకీ బియ్యానికీ ఒకే మంత్రం. అడ్డొచ్చిన కుక్కను అప్పటికే కర్రలతో కొట్టి చంపారు.

ఒకడు కిరసనాయిలు డబ్బా మూత తీశాడు. రక్తపరీక్షలకని నగరం నుంచి వచ్చిన జరిపా గుమ్మానికి అడ్డంగా నిలబడింది. బురుల్చాది కాచని పాలతో వచ్చే వేరే జ్వరమనీ, మాత్రలకు తగ్గుతుందనీ చెప్పింది.

“గుర్రం వైరస్ మన కణంలోకొస్తే అక్కడో ప్రొటీన్ కాపలా ఉంటుంది. వైరస్ పెంకు పట్టుకుని చీల్చేస్తుంది. గుర్రాలకా కాపలా లేక చస్తున్నాయి.”

“అంత నమ్మకముంటే ఆ నెత్తురు నువ్వెక్కించుకో,” అన్నాడు ఎర్గెష్.

జరిపా అతని మొలలోని కత్తి లాగి తన అరచెయ్యి కోసుకుంది. ఆ చేతిని గుర్రం మెడలోని తూటా గాయంలోకి మణికట్టుదాకా దించి, పైకెత్తి చూపించింది. కిరసనాయిలు డబ్బాకు మళ్లీ మూత బిగించారు. ఎర్గెష్ కత్తి అడిగితే ఇవ్వకుండా గుడారం ముందున్న పొయ్యి నిప్పుల్లో పడేసింది. అతను తిట్టుకుంటూ జనంతోపాటు వెనుదిరిగాడు.

సొరోన్‌బాయ్ ఏడ్చేశాడు. నడుంగుడ్డ చింపి ఆమె చేతికి కట్టబోయాడు. జరిపా చటుక్కున వెనక్కి జరిగింది.

“నన్ను ముట్టుకోకన్నా.”

అతని మొహం పాలిపోయింది. “అయితే వాళ్లకు చెప్పింది అబద్ధమా? నా బురుల్చాకు ఆ జబ్బేనా?”

“కాదు. గుర్రం వైరస్‌ను ఆ ప్రొటీన్ నిజంగానే చంపుతుంది,” అంటూ జరిపా తన రుమాలు చేతికి చుట్టి పళ్లతో కట్టు బిగించుకుంది.

“నా నెత్తుట్లో ఉన్న హెచ్.ఐ.వి.నే ఆపలేకపోయింది.”