తేమ ఎక్కువ

“నీ చేత్తో నలిపి చూడమ్మాయ్! గలగలలాడతా ఉంటే తడి అంటారేంది?” రైతు పానకాలు గుప్పెడు మిరపకాయలు షమా కీబోర్డు పక్కన పోశాడు.

అద్దంకి రోడ్డు కోల్డ్ స్టోరేజీలో సాఫ్ట్‌వేర్ చూసేది షమా ఒక్కతే. గేటు దగ్గర బస్తాలో మీటరు గుచ్చితే పచ్చ లైటో ఎర్ర లైటో వెలుగుతుంది. ఎర్ర లైటు పడితే తేమ ఎక్కువని ఎర్ర చీటీ ఇచ్చి సరుకు వెనక్కి పంపుతారు. నిన్నటి నుంచి అందరికీ ఎర్రే. మబ్బు పట్టింది కదా, కాయ చెమ్మగిల్లిందని మేనేజరు తేల్చి పారేశాడు.

“మిషన్ చెప్పింది బాబాయ్ గారూ. నేనేం చేయను?”

“వానొస్తే నలభై టిక్కీల బస్తాలూ బూజు పట్టి పోతాయి. ఇంటికాడ చోటు లేదు. మీ ఎర్ర చీటీ చూసి ఇంకో స్టోరేజీ వాడు గేటు కూడా తియ్యలా. నేనెక్కడికి పోవాల?”

జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు.

షమా మనసు చివుక్కుమంది. ఒక కాయ నలిపింది. పెళుసుగా విరిగి గింజలు బల్ల మీద రాలాయి.

మీటర్లను నడిపే ప్రోగ్రాములో ఏ పరికరాన్నయినా పేరు పెట్టి పిలిస్తే చాలు, ఆ పేరుతో ఏదుంటే అది పలికేది. అది ఏ రకమో అడిగే దిక్కు లేదు. జెనరిక్స్ అనే పద్ధతి వాడి, పేరుతో పాటు రకం కూడా చెప్పి తీరాలని నాలుగు రోజులుగా మారుస్తోంది షమా. రకం కలవకపోతే ప్రోగ్రాం అసలు కంపైలే కాదు, తప్పెక్కడుందో చూపించి ఆగిపోతుంది. మిగిలిన నాలుగు లైన్లూ గబగబా పూర్తిచేసి కంపైల్ కొట్టింది.

ఒకే ఒక్క తప్పు చూపించింది. ‘తేమ’ అన్నచోట ఉండాల్సింది బస్తా మీటరు. ఉన్నది హాల్లో గాలి తేమ కొలిచే మీటరు. నిన్న పొద్దున దాన్ని కొత్తగా బిగించి, చూసుకోకుండా అదే పేరు పెట్టింది తనే! రెండు రోజులుగా ప్రోగ్రాం కాయను వదిలేసి గాలిని కొలుస్తోంది. ఎంతమందిని వెనక్కి పంపిందో తలుచుకుంటే షమాకి ఏడుపొచ్చింది.

పేరు సరిచేసి గేటు వైపు పరుగెత్తింది. “బాబాయ్ గారూ, మీ కాయ మంచిదే! తప్పు నాదే!” అని అరుస్తుంటే గొంతులో ఘాటు తగిలింది. దగ్గు ఆగలేదు. కళ్లు మండిపోయాయి.

వాచ్‌మన్ బెన్నీ ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని ఎదురొచ్చాడు.

“ఆపే లోపలే ఆయన తన బస్తాలకి నిప్పంటించేశాడు మేడమ్. ఒక్క అగ్గిపుల్లకే భగ్గుమన్నాయి. అంత ఎండిన కాయ నేనింతవరకు చూళ్లేదు!”