పెద్ద మర్యాద మాట

“మల్లొక్కసారి సదువు నర్సన్నా” అంది అంజమ్మ.

బీడీ ఖార్ఖానా గుమాస్తా నర్సయ్య చేతిలో బొంబాయి నుంచి వచ్చిన ఉత్తరం ఉంది. మొదటి వరస చదివి అక్కడే ఆగిపోయాడు. ఆ ఆగడం అంజమ్మ గమనిస్తే కదా! ఆమె చెవుల్లో ఆ వరసే గింగురుమంటోంది. ‘గంగా భాగీరథీ సమానురాలైన అంజమ్మ గారికి’. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఆమెను గారు అన్నవాడు బాన్సువాడ మొత్తంలో ఒక్కడు లేడు.

బొంబాయి ఓడరేవులో మందుగుండు ఓడ పేలిపోయి నెలన్నర దాటింది. ఆమె మొగుడు కొమురయ్య ఆ రేవులోనే హమాలీ. అక్కడి నుంచి ప్రాణాలతో బయటపడి వచ్చిన బీర్కూరు మనిషి ఒకడు, గోదాములన్నీ బూడిదయ్యాయని, ఎవరు పోయారో ఎవరు మిగిలారో దేవుడికే తెలియాలని చెప్పాడు. అప్పటి నుంచి అంజమ్మకు కంటిమీద కునుకు లేదు. ఆమె మొక్కని దేవుడు లేడు, దర్గా లేదు. ఇదిగో, ఇవాళ్టికి ఈ ఉత్తరం వచ్చింది.

“గంత పెద్ద మాటకు అర్థమేందన్నా?”

 సాక్షాత్తు గంగమ్మ తల్లితో సమానమని దాని అర్థమని, మర్యాదలన్నిట్లోకి పెద్ద మర్యాదని నర్సయ్య నసిగాడు. అయ్యో, ఆ పిచ్చిది మురిసిపోయింది! ఒళ్లోని తునికాకు చాట పక్కకు జరిపి, ఇలాంటి మాట ఎవరికి రాస్తారు, దొరసానులకా అని అడిగింది.

నర్సయ్య ఉత్తరం గబగబా మడిచేశాడు. ఇంటికి పదమని, మిగతాది నలుగురు పెద్దమనుషుల ముందర చదువుతానని అన్నాడు.

అప్పుడు మూలన కూర్చుని బీడీలు చుడుతున్న ముసలి రాజ్యం నోరు తెరిచింది.

“నాకు రాస్తరు బిడ్డా. మీ తాత సచ్చిపోయినప్పటి సంది నాకు రాస్తుండ్రు. ముత్తైదుకు గా మాట రాయరు.”

తునికాకు కత్తిరిస్తున్న ఆడవాళ్లు కత్తెరలు కింద పెట్టారు. అంజమ్మకు ముందు ఏమీ తలకెక్కలేదు. రాజ్యం బోడి నుదుటి వంక చూసింది, ఒట్టి చేతుల వంక చూసింది. తలకెక్కాక అరవనూ లేదు, ఏడవనూ లేదు. లేచి పెరట్లోని చేదబావి వైపు నడిచింది. ఆ నడక కాస్తా పరుగైంది. నర్సయ్య పెట్టిన కేకకు ఆడవాళ్లంతా ఆమె వెనక ఉరికారు. బావి గట్టు మీద కాలు మోపేసరికి, తండా నుంచి పనికొచ్చే హీరాబాయి నడుము దొరకబుచ్చుకుని వెనక్కి లాగింది. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు.

“ఇడువుండ్రి నన్ను. ఆయన లేంది నేనెవలి కోసం బతకాలె?”

గీరింది, కొరికింది. నలుగురు కలిసి అదిమిపట్టినా ఆగదే! ఆ పెనుగులాటలో గాజులు చిట్లి చేతికి గుచ్చుకున్నాయి. రాజ్యం వచ్చి ఆమె తల తన ఒళ్లో పెట్టుకుంది. పెట్టుకుని నర్సయ్యకేసి చూసింది.

“ఎట్ల పోయిండో, ఆఖర్కి ఏం జెప్పి పోయిండో, అదన్న ఇననియ్యి. సదువు.”

నర్సయ్య ఉత్తరం మడత విప్పాడు. చదవనంటే వీళ్లు ఊరుకోరు, చదివితే ఈ పిల్ల దక్కదు. రాసినవాడెవడో గాని కోడి కెలికినట్టు రాశాడు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ మొదలుపెట్టాడు.

“‘రేవుల మంటలు లేసిన దినం గోడ మీద వడ్డది. రెండు కాళ్లు ఇరిగినయి. దవాఖానల ఏసిన్రు.’”

ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. అంజమ్మ నేలకేసి తల బాదుకోబోతే రాజ్యం తన అరచెయ్యి అడ్డం పెట్టింది. ఇక చాలిద్దామా అన్నట్టు నర్సయ్య తలెత్తాడు. రాజ్యం కానివ్వమని సైగ చేసింది. అతను కాగితాన్ని కళ్లకు దగ్గరగా తెచ్చుకున్నాడు. ఉన్నట్టుండి గొంతు పెంచి చదవసాగాడు.

“‘పక్క మంచమాయన వాళ్లమ్మకు రాసే ఉత్తరాల్ల గీ పెద్ద మర్యాద మాట సూసిన. ఇన్నేండ్లు నిన్ను ఏయ్ అనుడే గాని ఒక్కనాడు పేరు వెట్టి పిలువకపోతి, గందుకే నెల దినాలు పండుకోని నేర్సుకున్న అక్షరాలతోటి ముందుగాల నీకు గదే రాసిన. ఇట్లు, నీ పెనిమిటి కొమురయ్య.’”