రేవు వైపు గది

"హోటలు గది కిటికీ రేవు వైపే ఉండాలి. పెరటి వైపు గది ఇచ్చారంటే రెండు రోజులూ చెత్త డబ్బాలు చూస్తూ కూర్చోవాలి," అంది గిస్లేన్.

మరీజ్ కాగితం మీద రాసుకుంది. భోజనాల వేళ కావడంతో ఆ చిన్న బీమా కార్యాలయంలో వాళ్ళిద్దరే మిగిలారు. మరీజ్ అక్కడ ఇరవై ఏళ్ళ నుంచి ఉంది. మేనేజరు వాసెర్ ఏం అనుకుంటున్నాడో ఆయన కంటే ముందు ఆమెకే తెలుస్తుందని చెప్పుకుంటారు. గిస్లేన్ వచ్చి ఏడాదిన్నర.

"ఏ వారం బుక్ చెయ్యమంటావే?"

గిస్లేన్ ఆటుపోట్ల పట్టిక తీసింది. "పోర్ లానెక్ వెళ్ళేవాళ్ళు ముందు ఇది చూడాలి. లేకపోతే పడవలన్నీ బురదలో ఒరిగిపోయి ఉంటాయి. పొద్దున కాఫీ వేళకి రేవు నిండుగా ఉంటేనే అందం. ఇదిగో, వచ్చే నెల పద్నాలుగు, పదిహేను. తొమ్మిదికి అటూ ఇటూగా పోటు వస్తుంది."

"అబ్బో, ఇంత లెక్క ఉందా దీనికి?"

"మా అమ్మమ్మ ఊరే అది. ఇల్లు అమ్మేశాక పన్నెండేళ్ళు వెళ్ళలేదు. గది ఒక్కరికా, ఇద్దరికా?"

"ఇద్దరికి. ఎవర్ని తీసుకెళ్తారో వాళ్ళ ఇష్టం."

"పాపం, తిబో తను ప్రేమించే పిల్లని తీసుకెళ్తాడులే," అంది గిస్లేన్. మరీజ్ తలెత్తకుండా రాసుకుంటూ పోయింది.

గిస్లేన్, తిబో ఇద్దరూ పద్దెనిమిది నెలల ఒప్పందం మీద ఒకే రోజు చేరారు. ఈ నెలాఖరుతో ఇద్దరి ఒప్పందాలూ ముగిసిపోతాయి. పర్మనెంట్ ఉద్యోగం మాత్రం ఒక్కటే ఉంది. వాసెర్ ఇంతవరకు నోరు విప్పలేదు. సోమవారం మరీజ్ తలుపు మూసి చెప్పింది, "మనలో ఒకరు వెళ్ళిపోతున్నారు. అందరం కలిసి ఓ రెండు రోజుల విహారం బహుమతిగా ఇద్దామనుకున్నాం. ఆ సముద్రపు ఒడ్డు నీకే బాగా తెలుసు, ఏర్పాట్లు నువ్వు చూడు. తిబో దగ్గర మాత్రం నోరు జారకు."

ఇంకేం చెప్పాలి? ఎవరైనా వెళ్ళిపోతుంటే, చందాలకీ వీడ్కోలు కార్డుకీ, ఫైలులో దాచిన కవరు ఒకటి బల్ల బల్లకీ తిరుగుతుంది. ఆ మనిషి బల్ల దగ్గర మాత్రం ఆగదు. బహుమతి గురించి నిన్ను సలహా అడిగారంటే నువ్వు ఉంటున్నట్టే.

ఆ సోమవారమే గిస్లేన్ బాత్‌రూములోకి వెళ్ళి గడియ పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు సంతోషంతోనే. విడాకులైనప్పటి నుంచి చెల్లెలి ఇంట్లో, కుట్టుమిషను గదిలో, మడత మంచం మీద పడుకుంటోంది. పర్మనెంట్ ఉద్యోగం కాగితం చూపించనిదే ఈ ఊళ్ళో ఏ ఇంటివాళ్ళూ తాళం చేతికివ్వరు. స్టేషను వెనక రెండు గదుల ఇల్లు ఒకటి చూసి పెట్టుకుంది. ఆ ఇల్లుగలావిడకి అప్పుడే ఫోన్ చేసి, "కాగితం వచ్చేవారం తెస్తాను, ఇంకెవరికీ ఇవ్వకండి," అని చెప్పేసింది.

సంతోషం ఒక పూట కూడా నిలవలేదు. మొగుడు రెండేళ్ళు ఇంకొకామెతో తిరిగితే ఊరంతటికీ తెలుసు, స్నేహితులకీ తెలుసు, ఆఖరికి రొట్టెల దుకాణం ఆవిడకీ తెలుసు. తెలియనిది తనకొక్కదానికే. మొగుడు చేసిన దానికంటే, తన ఇంట్లో భోంచేస్తూ నోరు మూసుకున్నవాళ్ళే ఆమెను ఎక్కువ బాధపెట్టారు. అలాంటి పని జన్మలో చెయ్యనని ఒట్టు పెట్టుకున్న మనిషి, ఇప్పుడు సరిగ్గా అదే చేస్తోంది.

బుధవారం తిబో ఆమె బల్ల మీద చాక్లెట్ రొట్టె పెట్టాడు. ముప్పై ఏళ్ళవాడు, మెత్తటి మనిషి.

"ఎందుకిది?"

"ఊరికే. మీకిష్టం కదా." అతను వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాడు. "గిస్లేన్, వాసెర్ మీతో ఏమైనా అన్నాడా?"

"లేదే. నీతో?"

"లేదు," అని కిటికీ వైపు చూశాడు.

గిస్లేన్ తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. రొట్టె తీసి సొరుగులో పెట్టేసింది. వీడికి అనుమానం వచ్చింది, కళ్ళలోకి చూడలేకపోతున్నాడు పిచ్చివాడు, అనుకుంది. ఆ సాయంత్రం మరీజ్‌ని వరండాలో పట్టుకుంది.

"అతనికి ముందే చెప్పెయ్యచ్చు కదా. అందరి ముందూ వినడం ఎంత నరకమో నీకు తెలియదు."

"వాసెర్ ఒద్దన్నాడే. ముందే చెబితే చివరి వారం పని చెయ్యరట."

"ఎంత నీచం."

"నీచమే," అంది మరీజ్. "నాకు మాత్రం రెండేళ్ళలో పింఛను. నన్నేం చెయ్యమంటావు?"

"సరే, ఆ కార్డు ఇలా ఇవ్వు. నేనూ రెండు ముక్కలు రాస్తాను."

"ఇంకా తిరుగుతోంది. చివర్లో రాద్దువులే."

ఇంకేమీ చెయ్యలేక, ఆ శ్రద్ధంతా బహుమతి మీద చూపించింది గిస్లేన్. హోటలుకి తనే ఫోన్ చేసి మూల గది అడిగింది, దానికి రెండు కిటికీలు. శనివారం మధ్యాహ్నం ఆల్చిప్పలు, రై రొట్టె, ఉప్పు వెన్న చెప్పింది. ఏ బెంచీ మీద కూర్చుంటే గాలి కొట్టదో కూడా చీటీ రాసి పెట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం అందరూ సమావేశం గదిలో చేరారు. ప్లాస్టిక్ గ్లాసుల్లో సైడర్ పానీయం, మధ్యలో ఆపిల్ కేకు. గిస్లేన్ తిబో పక్కనే నిలబడింది, పడిపోతే పట్టుకునేదానిలా. అతని ముఖం పాలిపోయి ఉంది.

వాసెర్ గొంతు సవరించుకున్నాడు. "ఇలాంటి నిర్ణయాలు సులువు కాదు. ఇద్దరూ మంచివాళ్ళే. మనల్ని వదిలి వెళ్తున్న మన నేస్తానికి అందరి తరఫున ఓ చిన్న కానుక."

తిబో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గిస్లేన్ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నన్ను క్షమించు, నాకు ముందే తెలుసు," అంది చెవిలో.

అతను వెర్రిగా చూశాడు. "మీకు తెలుసా?"

మరీజ్ కవరు పట్టుకుని గదికి అడ్డంగా నడిచి వచ్చింది. అందరూ చప్పట్లు కొడుతున్నారు. తిబో దారి ఇస్తూ పక్కకి తప్పుకున్నాడు.

మరీజ్ కవరు గిస్లేన్ చేతిలో పెట్టింది.