టెంటులో ఫిజిక్స్

"చక్రపాణిగారూ, మీవాడు ఎల్బీనగర్‌లో తెలంగాణ టెంటులో ఉన్నాడండీ! నా కళ్లతో చూశాను."

ఫోన్లో పక్కింటి వెంకట్రావు మాట వినగానే చక్రపాణి చేతిలోని ఇడ్లీ ముక్కను ప్లేటులో వదిలేశాడు. సకల జనుల సమ్మెతో కాలేజీలు మూతపడ్డాయి. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న కొడుకు వంశీకృష్ణ, స్నేహితుడి ఇంట్లో చదువుకుంటానని రోజూ పొద్దున్నే వెళ్తున్నాడు. ఆ స్నేహితుడి ఇల్లు మూసారాంబాగ్‌లో. తాముండే దిల్‌సుఖ్‌నగర్ నుంచి అదొక దిక్కు, ఎల్బీనగర్ ఇంకో దిక్కు.

"ఉన్నది ఆఖరి సెక్షన్. ఫిజిక్స్ పాసయితే అదే గొప్ప. ఇప్పుడు ఉద్యమాలు కూడానా!" అంటూ స్కూటర్ తాళాలు అందుకున్నాడు.

"నేనూ వస్తాను. మీరొక్కరే వెళ్తే నోరు జారతారు," అంటూ భార్య ఉదయలక్ష్మి చెప్పులేసుకుంది.

దారంతా చక్రపాణి గొణుగుతూనే ఉన్నాడు. "మనం గుంటూరు నుంచి వచ్చినవాళ్లం. ఎవరి జోలికీ పోకుండా దుకాణం నడుపుకుంటున్నాం. వీడికి ఆ టెంటులో ఏం పని?"

"వెళ్తున్నాంగా, అడుగుదాం. ముందు రోడ్డు చూడండి."

టెంటులో గులాబీ కండువాలు వేసుకున్న ఉద్యోగులు కొందరు పేపర్లు చదువుకుంటున్నారు. ఓ పక్కన ప్లైవుడ్ చెక్కకు నల్లరంగు వేసి బోర్డులా నిలబెట్టారు. దాని ముందు జంపఖానా మీద పిల్లలు కూర్చున్నారు. వాళ్ల పక్కనే కుర్చీలో చేతులు కట్టుకుని ఓ పెద్దమనిషి. బోర్డు దగ్గర చాక్‌పీసుతో వంశీ నిలబడి ఉన్నాడు.

లెక్క రాక వీణ్ణి బోర్డు దగ్గర నిలబెట్టినట్టున్నారు, అనుకున్నాడు చక్రపాణి. ఇక్కడ కూడా అదే వరసన్నమాట.

"ఒరేయ్ వంశీ!"

వంశీ చేతిలోంచి చాక్‌పీసు జారిపోయింది. కుర్చీలోని పెద్దమనిషి లేచి ఎదురొచ్చాడు.

"వంశీ వాళ్ల నాయినగారా? రండి సార్. అమ్మా, మీరు కూడ ఈడ కూసోండ్రి. నా పేరు రామచంద్రం. సర్కారు కాలేజీల లెక్చరర్ను. మేం సమ్మెల ఉన్నం. పిల్లల చదువు ఆగొద్దని ఈడ జర చదువుకొమ్మన్నం."

"మీ సమ్మెకీ మావాడికీ ఏం సంబంధమండీ?"

"సమ్మె మాది సార్. చదువు అందరిది గద!"

ముందు వరసలో కూర్చున్న ఓ అమ్మాయి గబగబా లేచింది.

"అంకుల్, అన్నను తీస్కపోకుండ్రి. లెక్క సగంల ఉంది."

"నువ్వు ఉండు మాలతీ," అని రామచంద్రం ఆ పిల్లను కూర్చోబెట్టాడు.

చక్రపాణి కొడుకు వైపు తిరిగాడు. "ఇన్నాళ్లూ అబద్ధం చెప్పి ఇక్కడికొస్తున్నావా? ఏం నేర్చుకున్నావో చెప్పు చూద్దాం."

వంశీ తల దించుకున్నాడు. ఆఖరి సెక్షన్లో పడ్డ దగ్గర్నుంచి వాడు ఇంట్లో అంతే. ఏమడిగినా తలే జవాబు. కానీ ఈసారి వంగి చాక్‌పీసు తీసుకున్నాడు.

"భూతద్దంలో అక్షరం పెద్దగా ఎందుకు కనిపిస్తుందో తెలుసా నాన్నా?"

గీతలు గీశాడు. "అక్షరం ఫోకస్ కంటే దగ్గరగా ఉంటే కిరణాలు అవతల ఎక్కడా కలవవు. మన కన్ను వాటిని వెనక్కి పొడిగించుకుని చూస్తుంది. ఇదిగో, ఇక్కడ కలిసినట్టు అనుకుంటుంది. అందుకే పెద్దది!"

గొంతు టెంటు దాటి రోడ్డు మీదికి వినిపించింది. పేపర్లు చదువుతున్నవాళ్లు తలలు తిప్పి చూశారు. ఉదయలక్ష్మి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొడుకు అంత గట్టిగా మాట్లాడగా విని ఎంత కాలమైందో!

చక్రపాణి జేబులోంచి స్కూటర్ తాళాలు తీశాడు. "సరే. చీకటి పడకుండా ఇంటికొచ్చెయ్."

తిరుగుదారిలో వెంకట్రావు మళ్లీ ఫోన్ చేశాడు. "తీసుకొచ్చేశారా?"

"అది ట్యూషనండీ," అన్నాడు చక్రపాణి కాస్త గొప్పగా.

సమ్మె ముగిసింది. కాలేజీ తెరిచి పరీక్ష పెట్టారు. వంశీ ఆఖరి సెక్షన్ నుంచి ఏకంగా మొదటి సెక్షన్‌కి వెళ్లాడు. "ఎక్కడ కోచింగ్ ఇప్పించారు సార్?" అని ప్రిన్సిపాలే ఫోన్ చేసి అడిగాడు. ఇంట్లో అడిగితే వంశీ, "అంతా రామచంద్రం సార్ వల్లే నాన్నా," అని నవ్వేశాడు.

ఆ ఆదివారం చక్రపాణి దంపతులు పూతరేకుల డబ్బా పట్టుకుని చంపాపేట్‌లో రామచంద్రం ఇంటికి వెళ్లారు.

"రెండేళ్లుగా ఎవరు చెప్పినా ఎక్కని ఫిజిక్స్! మీ చేతిలో ఏం మహిమ ఉందో గానీ..." చక్రపాణి డబ్బా మూత తీసి ఆయన ముందు పెట్టాడు. "ఇంకో మాట సార్. మా వెంకట్రావుగారి పిల్లలిద్దరున్నారు. వాళ్లకీ మీరే చెప్పాలి."

"గది వంశీని అడగాలె సార్. ఆయనకు టైముంటదో ఉండదో."

"మధ్యలో వాణ్ణి అడగడమెందుకండీ?"

పూతరేకు కొరకబోతున్న రామచంద్రం ఆగిపోయాడు. చక్రపాణినీ, ఉదయలక్ష్మినీ మార్చి మార్చి చూశాడు.

"అరే, మీకు చెప్పనే లేదా? మా టెంట్ల సైన్స్ సార్లు ఎవ్వరు లేకుండిరి. రోడ్డు మీద నిలవడి సూస్తున్న పిల్లగాణ్ని పిలిచి, బ్యాగు మీద కాలేజీ పేరు సూసి, పెద్ద కాలేజీల చదువుతున్నవ్ గద, మా పిల్లలకు జర చెప్పు బిడ్డా అని చాక్‌పీసు చేతికిచ్చిన. రాదని చెప్పనీకి సిగ్గైందేమొ, రోజూ ఇంటికాడ చదువుకొని ఒచ్చెటోడు."

పూతరేకు పక్కన పెట్టి, రామచంద్రం మొహమాటంగా నవ్వాడు.

"నేను తెలుగు లెక్చరర్ను సార్. మీవాని క్లాసుల నేను కూడ ఒక స్టూడెంట్నే!"