చేపలకు కొన్న పిల్ల

"పిల్లని దించు. అది నా సొత్తు," అంది చేపల పెద్దమ్మ, ఆస్పత్రి మెట్లకి అడ్డంగా నిలబడి.

టమాటాల అడోమా గతుక్కుమంది. కూతుర్ని వీపుకి గుడ్డతో కట్టుకుని, సికిల్ సెల్ విభాగం నుంచి చెప్పాపెట్టకుండా బయటపడింది. నర్సు అటు తిరగ్గానే ఇలా జారుకుంది. గేటు దాటి ట్రోట్రో బండి ఎక్కేస్తే ఇంక ఎవరూ ఆపలేరు. సరిగ్గా అప్పుడే, కుమాసి బజారు మొత్తంలో ఎవరి కంట పడకూడదనుకుందో ఆవిడే ఎదురైంది. బజారంతా ఆవిడని చేపల పెద్దమ్మ అనే పిలుస్తారు. తక్కెడ ముల్లు వంక చూస్తూ ఆవిడతో గొడవ పెట్టుకుని నెగ్గినవాళ్ళు లేరు.

"నీకెవరు మోశారు పెద్దమ్మా, ఈ కబురు?"

"కబురు సంగతి తర్వాత. పిల్లని ఎక్కడికి ఎత్తుకుపోతున్నావ్?"

"ఇంటికి. నా పిల్ల, నా ఇష్టం."

"నీ పిల్లేమిటే? అమ్మేశావుగా."

అమ్మిన మాట నిజమే. ముందు పుట్టినవాళ్ళు ఒకరి వెనక ఒకరు పోయాక, ఇది పుట్టగానే అందరు తల్లులూ చేసేదే అడోమా చేసింది. చావు కన్ను పడకుండా పిల్లని పరాయి మనిషికి అమ్మేసింది, ఉత్తుత్తికి. చేపల పెద్దమ్మ ఆకులో ఇన్ని పొగచేపలు పోసి కొనుక్కుంది. పేరు పెట్టిందీ ఆవిడే. సుమీనా, అంటే చెత్తకుప్ప; ఇలా అమ్మిన పిల్లలకి పెట్టే పేరే. చెత్తకుప్పని మోసుకుపోవాలని చావుకి మాత్రం ఎందుకు బుద్ధి పుడుతుంది?

"అది ఆచారానికి చేసిన బేరం, పెద్దమ్మా. ఆ చేపలు ఆ పూటే వండేశాను."

"వండుకు తిన్నదానివి, ఇంక బేరం ఎలా తిప్పుతావే? నీ దగ్గర టమాటాలు కొన్నమ్మ ఇంటికెళ్ళి బుట్ట వెనక్కి లాక్కొస్తావా?"

వరండాలో బెంచీల మీద పిల్లల్ని ఒళ్ళో పెట్టుకున్న తల్లులందరూ ఇటు తిరిగారు.

"చేపలు మంచివేనా?" అని అడిగింది ఒకావిడ.

"మంచివే," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

బెంచీలన్నీ నవ్వాయి. అడోమాకి నవ్వు రాలేదు. పెద్దమ్మ దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది.

"నువ్వూ వ్యాపారం చేసిన మనిషివే. నా లెక్క విను. బుట్ట అడుగున కుళ్ళు పట్టిందని తెలిశాక దాన్ని తుడుస్తూ, కప్పుతూ కూర్చోను నేను. ఆ పూటే తేల్చేస్తాను. నొప్పి వచ్చినప్పుడు ఇది పెట్టే కేకలు నువ్వు వినలేదు. రక్తం ఎక్కించారు. మళ్ళీ నొప్పి. ఇప్పుడు రోజూ మాత్ర వెయ్యాలట, బతికినంత కాలం. ఎంత కాలం బతుకుతుంది అంటే మాత్రం చూద్దాం అంటాడు డాక్టరు. ఆ బెంచీలు చూడు. అన్నీ పసికూనలే. ఈ జబ్బుతో ఎదిగినవాళ్ళు ఏరీ?"

చేపల పెద్దమ్మ బెంచీల వైపు చూడలేదు. అడోమా రొమ్ము మీది ముడి తనే విప్పి, పిల్లని ఒడుపుగా అందుకుంది.

"నష్టమొస్తే కొన్నదానికి. అమ్మినదానివి నీకెందుకే ఏడుపు?"

పిల్లని బెంచీ మీద కూర్చోబెట్టింది. నీళ్ళ పాకెట్ మూల పంటితో కొరికి దాని నోటికి అందించింది. తర్వాత మోకాలి కింద ఎముక మీద అరచెయ్యి ఆనించి, నెమ్మదిగా అడిగింది.

"ఇక్కడేనా? లోపల ఎవరో రోకలి వేస్తున్నట్టు?"

సుమీనా కళ్ళు విప్పార్చి తలూపింది. నొప్పి రోజుల్లో కన్నతల్లి దుప్పటి కప్పినా గింజుకునే పిల్ల, రెండో కాలు కూడా తనంతట తనే చాపింది.

అడోమా గుడిలో అడుగుపెట్టినట్టు అలాగే నిలబడిపోయింది. ఆ ముసలి చెయ్యి అంగుళం అంగుళం కిందికి దిగుతోంది. అది ఎక్కడ ఆగితే అక్కడ పిల్ల ఊపిరి వదులుతోంది.

"నొప్పి అక్కడుందని నీకెలా తెలుసు?" అంది చివరికి.

"నా సరుకు ఎక్కడ దెబ్బతిందో నాకు తెలీదా?"

అడోమా వీపు గుడ్డ మడత పెట్టుకుని పక్కన కూర్చుంది. లెక్క ఇంకా కుదరలేదు. కానీ ఆ చేతిని పిల్ల మీద నుంచి తీయించే ధైర్యం ఆమెకి లేదు.

"సరే. ఉంటాం. మాత్ర కూడా వేస్తాను. నువ్వింక వెళ్ళు పెద్దమ్మా, ఎండెక్కితే నీ చేపల మీద ఈగలు ముసురుతాయి."

"ముసరనీ. నా పని ఇంకా అవలేదు."

లోపలి తలుపు తెరుచుకుంది. చేతిలో రక్తం తీసే గొట్టాలతో నర్సు గుమ్మంలోకి వచ్చింది.

"సుమీనా!"

అడోమా ఒక్క ఉదుటున పిల్లని చంకనేసుకుని ముందుకి ఉరికింది. "ఉన్నామమ్మా, ఇక్కడే ఉన్నాం. ఎక్కడికీ పోలేదు."

"నువ్వు కూర్చోమ్మా, మీ పాపని కాదు," అంటూ నర్సు ఆమెని దాటి వెళ్ళి, చేపల పెద్దమ్మ ముడతల చేతికి రబ్బరు పట్టీ బిగించింది. "ఏం సుమీనా పెద్దమ్మా, రోజూ మాత్ర మానలేదు కదా?"