గాజుపలక మీద ఇద్దరు లేవీలు

చర్చి వెండి గిన్నె పోయిందని ఫిర్యాదు ఇచ్చిన దావీదురాజు, పనిలో పనిగా దొంగ పేరు కూడా రాసిచ్చాడు. పక్కింటి ఫోటోగ్రాఫరు లేవి.

దావీదురాజు కడపలో బండల వ్యాపారి, పైగా సంఘపెద్ద. చర్చి పైకప్పు విప్పి మరమ్మతు చేయిస్తున్నారు గనుక, ప్రభు భోజనపు గిన్నె ఆయన ఇంట్లోనే పెట్టెలో ఉండేది. సోమవారం తొమ్మిదిన్నరకు తాళం వేసి, గూడ్సు బండికి బండలు ఎత్తించడానికి రైలు స్టేషనుకు వెళ్లానన్నాడు. పదకొండుకు తిరిగొస్తే తాళం పగిలి ఉందట, గిన్నె లేదట. రెండు పెరళ్ల మధ్య గోడ ఛాతీ ఎత్తు. ముందటి వారమే ఆ గిన్నెకు ఫోటో తీస్తూ లేవి, "అన్నా, ఇది శానా బరువుండాదే" అన్నాడట.

సబ్ ఇన్‌స్పెక్టరు ఓబులేసుకు ఆ మాత్రం చాలు. లేవిని లాకప్పులో పెట్టాడు. గురువారం మేజిస్ట్రేటు ముందుకు పంపితే ఆరు నెలలకు తక్కువ పడదని కానిస్టేబుళ్లు అప్పుడే లెక్క కట్టేశారు.

మంగళవారం లేవి భార్య జ్ఞానమణి ఒక ఫోటో పట్టుకుని పోలీసు స్టేషనుకు వచ్చింది. అందులో లేవీలు ఇద్దరు. ఎడమవైపు మీసం ఉన్న లేవి, కుడివైపు మీసం లేని లేవి చెవి మెలిపెడుతున్నాడు.

"ఎవరమ్మా ఈ రెండోవాడు? తమ్ముడా?" అన్నాడు ఓబులేసు.

"ఇద్దరూ మా ఆయనే సార్. కెమెరా అద్దానికి సగం నల్ల అట్ట అడ్డం పెట్టి ఎడమ సగం తీస్తారు. అట్ట అటు మార్చి, కుర్చీ మారి కుడి సగం తీస్తారు. బొమ్మ పడే గాజుపలక ఒకటే. కాలి కింద రబ్బరు బుడ్డ తొక్కితే కెమెరా పని చేస్తాది. మద్రాసులో కొత్త రకం ఫోటోల పోటీ ఉండాదంటే, సోమవారం పొద్దున పెరట్లో కూర్చోని తీసుకున్నాడు. గోడ ఎప్పుడు దూకినాడు?"

"ఊరికి ఒక్క లేవి చాలకనా రెండోవాణ్ణి పుట్టించినాడు?" అని ఓబులేసు నవ్వాడు గానీ, కొంచెం మెత్తబడ్డాడు. దావీదురాజును పిలిపించి ఫోటో చూపించాడు.

దావీదురాజు వ్యాపారి. మనుషుల ముఖాలు చూడలేదు, కింద బండలు చూశాడు.

"సార్, ఈ బండలు నేను పరిపించినవే. చూరు నీడ చూడండి. ఎడమ సగంలో అయిదో బండ దాకా ఉండాది. కుడి సగంలో మూడో బండకే ఆగిపోయింది. నడిమిట్ల ఎంత పొద్దు పోయిందో మీరే కొలుచుకోండి."

బుధవారం పొద్దున ఓబులేసు లేవికి బేడీలు వేసి ఆ పెరటికే తీసుకొచ్చాడు. దావీదురాజే సుద్దముక్క పట్టుకున్నాడు. తొమ్మిదికి నీడ అయిదో బండ మీద ఉంది, గీత గీశాడు. పదికి మూడో బండ మీద ఉంది, మళ్లీ గీశాడు.

"గంట!" అన్నాడు ఓబులేసు. "యాడికి పోయినావురా ఆ గంట?"

లేవి తల వంచుకున్నాడు. "మీసం తీసుకుంటాంటి సార్."

"మీసానికి గంటా?"

"కత్తికి రెండు నిమిషాలే సార్. ఇరవై ఏండ్ల మీసం. మనసు ఒప్పుకోవడానికి మిగిలిందంతా పట్టింది."

గోడ మీద నుంచి చూస్తున్న జనం విరగబడి నవ్వారు. దావీదురాజు నవ్వలేదు. "గంటలో మీసమూ తీయొచ్చు, గిన్నే తీయొచ్చు," అన్నాడు.

ఓబులేసు కాగితం తీశాడు. "ఎడమ సగం తొమ్మిదికి, కుడి సగం పదికి. అట్లని సంతకం పెడతావా దావీదురాజప్పా?"

"కాగితమేంది సార్, బండ మీద చెక్కియ్యమన్నా చెక్కిస్తా," అని సంతకం పెట్టేశాడు.

జ్ఞానమణి కొంగులో చుట్టి తెచ్చిన గాజుపలకను బయటికి తీసింది.

"టైము ఖాయమైంది గదా సార్. నేను చెప్తే పెండ్లాం మాట అంటారని, పెద్దయ్య నోటితోనే వచ్చేదాకా ఆగినా. పలకల మీద మచ్చలు దిద్దే పని నాది. కుడి సగంలో, మా ఆయన వెనక, గోడకు పైన ఒక నల్ల చుక్క ఉండాది. దుమ్మనుకోని కత్తితో గీకబోయినా. భూతద్దంలో చూసినాక గీకలేదు. పలక మీద నలుపు తెలుపులు తలకిందులు సార్, బాగా మెరిసిందే నల్లగా పడుతుంది."

ఓబులేసు పలకను ఆకాశానికి ఎత్తి పట్టుకుని, భూతద్దం ఆనించి చాలాసేపు చూశాడు. తర్వాత లేవి దగ్గరికి వెళ్లి బేడీల తాళం తీసి, వాటిని చేత్తో పట్టుకునే వెనక్కి తిరిగాడు.

"పదికి స్టేషన్లో బండలు ఎత్తిస్తాంటివి గదా దావీదురాజప్పా, మరి ఈడ నీ మిద్దె మీద గిన్నె చేతబట్టుకోని, ఎవరన్నా చూస్తాండారేమోనని కదలకుండా నిలబడి, బొమ్మ ఇంత చక్కగా పడనిచ్చిన ఈ పెద్దమనిషి ఎవరు?"