అచ్చమ్మ దరఖాస్తు

రేపల్లె–తెనాలి పాసింజరులో చదరంగం ఆడేవాళ్ళకి లెక్కల మాస్టారు వెంకటరాఘవయ్య పెట్టిన రూలొకటుంది. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకి సీటు వదిలేసి, తెనాలి దాకా నిలబడాలి.

ఆ ఉదయం ఆసుపత్రి ఆయా అచ్చమ్మ, అంతర్జాతీయ చదరంగం పోటీల్లో ఆడటానికి ఫోనులో పేరు నమోదు చేసుకుంటోంది. మాస్టారు తొంగి చూశారు.

"యాభై రెండేళ్ళకి ఇదేం సరదా అచ్చమ్మా? చిన్నప్పట్నుంచీ కోచింగు తీసుకున్న పిల్లలొస్తారక్కడికి. నిన్ను చూసి నవ్వుతారు."

"నవ్వనివ్వండి మాస్టారూ. నవ్వుతా ఆడేవాళ్ళు తప్పులు చేస్తారు."

"ఎవరి దగ్గర నేర్చుకున్నావంటే ఏం చెప్తావు?"

"మీ దగ్గరేనని చెప్తానండి. పదేళ్ళు మీ సీటు పక్కన నిలబడి చూశాగా."

"చూడటం వేరు, ఆడటం వేరు. ఆపెయ్ ఆ ఫారం!"

అచ్చమ్మ ఫోటో ఎక్కించింది. ఒక్కసారి అన్నీ సరిచూసుకుని పంపించేసింది. ఫోను సంచిలో పడేసి, కిటికీ వైపు ఇంకాస్త జరిగి, వెనక్కి ఆనుకుని కూర్చుంది.

"వేమూరొచ్చింది మాస్టారూ, జనం తోసుకుంటా ఎక్కుతారు. పైన కడ్డీ గట్టిగా పట్టుకోండి. తెనాలి దాకా నిలబడాలిగా మీరు."